పేరు లేని వరుసలు

కొమరోలు,
2 జూన్ 2024.

మామా,

అత్తకు, ఫెబీ వదినకు వందనాలు. నీకు మాత్రం ఇప్పుడే చెప్పను. ముందు నా ప్రశ్నలకు జవాబు రావాలి.

మొన్న ఫోను మధ్యలో పెట్టేశానని అమ్మ దగ్గర నా మీద నేరం మోపావట. పెట్టెయ్యక ఏం చెయ్యమంటావు? మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోత మిషను నీ చెవులు ఏనాడో తినేసింది. నేను గొంతు చించుకుని చెబుతుంటే వీధి వీధంతా వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. నువ్వు మాత్రం "ఊఁ, ఇంకేంది?" అంటావు. చివరికి అమ్మ ఫోను లాక్కుని, "మామా అల్లుళ్ళు కాయితాల మీద కొట్టుకు చావండి, నా ఇంటి ముందర మాత్రం వద్దు" అనింది. అందుకే ఈ ఉత్తరం.

సంగతి నీకు తెలుసు. అయినా రాతలో ఉండాలని మళ్ళీ రాస్తున్నాను. మన సంఘం సమాధుల తోటను ఆనుకుని బైపాసు రోడ్డు వస్తోంది. సర్వేయరు వచ్చి పాస్టరు అయ్యగారికి చెప్పి వెళ్ళాడు: తోటలో ఎవరి సమాధి ఎక్కడుందో జాబితా కావాలి, పటం కావాలి. సమాధి ఉన్న చోట మేకు దిగదు. ఖాళీగా ఉన్న చోటు రోడ్డులోకి పోతుంది. సంఘపెద్దలు ఆ పని యూత్ మీద పెట్టారు. యూత్ అంటే నేనే. మిగతావాళ్ళకు క్రికెట్టుంది.

ఇక నీ ఘనకార్యానికి వస్తాను. సంఘం సెక్రెటరీగా ఉండి చర్చి గదిలో నువ్వు వదిలి వెళ్ళిన ఆ పాత కంప్యూటరు, దాంట్లో తొంభై ఏడు నాటి డేటాబేస్ ప్రోగ్రాం! నేను పుట్టకముందుది మామా అది. యూత్ చందాలేసి కొన్న కొత్త కంప్యూటరులో ఇప్పటి వెర్షన్ ఉంది. నీ ఫైలును దాంట్లో తెరవబోతే, ఇంత పాతది నేను తెరవను పొమ్మంటోంది. పాతదాంట్లోనే తెరుద్దామంటే పాస్‌వర్డు అడుగుతోంది. పోయినవాళ్ళ పేర్లకు పాస్‌వర్డు ఏంది మామా? వాళ్ళు లేచి పారిపోతారనా?

గిద్దలూరు బస్టాండులో ఒక చిన్న పుస్తకం కొన్నాను. అందులో రాసుంది, తెలిసిన సంగతికి తాళం వేసేవాడే మొదటి దొర అని. చదువుతుంటే నీ ముఖమే కనిపించింది. నువ్వు డీటీపీ షాపు ఎత్తుకుని పామూరు పోయావు సరే, తాళంచెవి ఎందుకు ఎత్తుకుపోయావు? ఈ తోట నీ సొంతమా, ప్రజలదా?

పాస్‌వర్డు వెంటనే రాయి. నీ పాత వెర్షన్‌కు నేనే దగ్గరుండి సమాధి కడతాను.

అమ్మ పక్కనుంచి ఒక మాట రాయమంటోంది: "నీ పెండ్లికి నేను మిరపకాయల కూలితో కుట్టించిన నీలం చొక్కా నెల తిరక్కుండా పోగొట్టినోడివి, పాస్‌వర్డు మాత్రం పోగొట్టకుండా పెట్టుకున్నావా అన్నా?" ఈ చొక్కా గొడవ నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. దానికీ ఒక జవాబు రాయి.

వెస్లీ


పామూరు,
9 జూన్ 2024.

అల్లుడు వెస్లీకి,

నువ్వు పెట్టని వందనం నాకు ముట్టింది. సంతోషం.

నీ ఉత్తరం షాపులో చదువుతుంటే శుభలేఖలు కొట్టించుకునేదానికి వచ్చినాయన, "ఏంది సార్, నోటీసు వచ్చిందా?" అన్నాడు. మా అల్లుడి ప్రేమలేఖ అని చెప్పినాను. ఒరే, నీకు కోపం తప్ప ఇంకేదైనా రాయడం వచ్చునా?

దొర అన్నావే నన్ను. సరే, దొర చెప్పేది విను. ఆ పాత వెర్షన్‌ను సంఘం ఒకసారి కొన్నది. అంతే. దాని డబ్బా, దాని కాగితం, దాని సీడీ మన బీరువాలో ఉన్నాయి. ఎవడూ వచ్చి అడగడు. నీ కొత్తదో? ఏటేటా అద్దె కట్టాలంట. ఒక ఏడు కట్టకపోతే మనోళ్ళ జాబితా మనకే సరిగ్గా చేతికి రాదంట. చచ్చినోళ్ళను కూడా అద్దె ఇంట్లో పెట్టే విప్లవం ఏ పుస్తకంలో ఉందిరా? బతికినంత కాలం ఇంకొకడి షెడ్డు కింద పలకలు కోసినోళ్ళు వాళ్ళు. ఆ తోట ఒక్కటే వాళ్ళది. దాని జాబితా అన్నా సొంతంగా ఉండనీ అనుకున్నాను. ఇప్పుడు చెప్పు, ఎవరు దొర?

ఇంకోటి. మీ కొత్తది ఎప్పుడు చూసినా ఇంటర్నెట్టు అడుగుతుందంట. మీ పేర్లన్నీ ఎక్కడికో పంపుతుందంట. మా షాపు పక్క మొబైలు రిపేరు పిల్లోడు చెప్పినాడు. మన దానియేలు తాత పేరు తీసుకొని ఎవడేం చేసుకుంటాడో నాకు తెల్వదు, కానీ నాకు ఇష్టం లేదు.

నీకు కొత్తదే కావాలంటే చేసుకో. నేను అడ్డం రాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఉన్న వరుసలు ఉన్నట్టే పోవాలి. నువ్వు చదువుకున్నోడివని ఏదీ దిద్దొద్దు, ఏదీ సర్దొద్దు. తోటకు ఉత్తరపు అంచు, ఆ ఉత్తరం వారవి కూడా.

పాస్‌వర్డు: neelichokka. అన్నీ చిన్న అక్షరాలు. నవ్వకు. మీ అమ్మ లీదియా సతాయింపు నాకు ఎప్పటికీ మర్చిపోని సంగతి, అందుకని పెట్టుకున్నా.

కంటికి శుక్లం ముదిరిందంట. వచ్చే నెల ఆపరేషను అంటున్నారు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

మీ మామ,
విశ్వాసం


కొమరోలు,
20 జూన్ 2024.

మామా,

పాస్‌వర్డు చెప్పగానే అమ్మ నవ్వి నవ్వి చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "పోగొట్టింది చాలక పేరు కూడా పెట్టుకున్నాడా!" అనింది. ఆ నవ్వుతో పాటు నా సంతోషం కూడా అయిపోయింది. మిగిలింది కోపం. చదువు.

అద్దె గురించి నువ్వు రాసింది న్యాయమే. ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవాల్సి వచ్చినందుకు ఒళ్ళు మండుతోంది కూడా. కానీ నీ పాతదాంట్లో పేర్లు కొట్టిన తెలుగు అక్షరాలు నీ షాపులో తప్ప లోకంలో ఎక్కడా కనిపించవు. కొత్తదాంట్లోకి తెస్తే ఒక్కో పేరూ కోడి గెలికినట్టుంది. రోజూ సాయంత్రం చర్చి గదిలో కూర్చుని, పాతదాని తెర చూస్తూ ప్రతి పేరూ మళ్ళీ కొట్టాను. మెడ పట్టేసింది. అయినా చేశాను, ఎందుకంటే వాళ్ళు పేరు లేకుండా బతికారు, పేరుతో ఉండాలి. కొత్తదాంట్లో అందుకే ఒక నియమం పెట్టాను: పేరు గడి ఖాళీగా ఉంటే ఆ వరుసను లోపలికి రానివ్వకూడదు. పేరు లేని మనిషి ఉండకూడదని నా సిద్ధాంతం.

అప్పుడు బయటపడింది నీ బండారం.

ఉత్తరం వారలో పదిహేడు వరుసలు కొత్తదాంట్లోకి ఎక్కలేదు. ఎందుకని చూస్తే పేరు గడి ఖాళీ. తేదీ ఉంది, చోటు ఉంది, ఆడమనిషి పేరేదో ఒకటి ఉంది. చివరి గడిలో సగానికి పైగా వరుసల్లో ఒకే పేరు. విశ్వాసం. విశ్వాసం. విశ్వాసం. మిగతావాటిలో నీ దోస్తులు.

నాకు మొదట అర్థం కాలేదు. బయటికొచ్చి, తోటలో గొర్రెలు మేపుతున్న యల్లయ్య పెదనాయనను అడిగాను. తోటంతా గడ్డి కొరుకుతున్న ఆయన గొర్రెలు ఆ ఉత్తరం వార ఒక్కటే ముట్టుకోవడం లేదు. అక్కడ పచ్చగా ఉంది కదా, ఎందుకు తోలవని అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఆ వార మీ విశ్వాసం మామది లేబ్బా. ఆడికి నేను పోనియ్యను."

మీ మామది!

మామా, బతికుండగా మన పల్లెలో ఎవరికీ సొంతంగా అడుగు నేల లేదని నువ్వే కదా నాకు చిన్నప్పుడు చెప్పింది? మరి చచ్చాక పడుకోవడానికి నీకూ నీ దోస్తులకూ వారంతా ముందుగానే పంచుకుని పెట్టుకున్నారా? ఖాళీ నేలను సమాధి అని రాస్తే అబద్ధం కాదా? ఆ ఆడవాళ్ళ పేర్లేంది, మీ భార్యల పక్కన చోటు కూడా రాసేసుకున్నారా? సెక్రెటరీ అంటే ఇదేనా అర్థం? నేను ఊరి పెద్ద దొరల మీద కోపంతో పెరిగాను. మా అమ్మ పుట్టింట్లోనే ఒకడున్నాడని తెలియలేదు.

సర్వేయరుకు అబద్ధపు జాబితా ఇవ్వడం నా వల్ల కాదు. జవాబు రాయి. లేకపోతే ఆ వరుసలు జాబితాలోంచే తీసేస్తాను.

వెస్లీ


పామూరు,
27 జూన్ 2024.

వెస్లీకి,

నీ ఉత్తరం ఫెబీ చేత చదివించుకున్నాను. సగంలో ఆపి ఇంక చాలు నాయనా అనింది. మొత్తం చదవమన్నాను.

ఇంత మాట అనేదానికి నీకు నోరు ఎట్ల వచ్చిందో నాకు తెల్వడం లేదు. తెలిసి ఎగతాళి చేస్తున్నావో, పుస్తకాలు చదివి అట్ల తయారైనావో. పోయినోళ్ళు మట్టి, అంతకన్న ఏం లేదు అని పోయిన క్రిస్మస్‌కు మా ఇంట్లోనే వాదించినావు కదా. నాకు గుర్తుంది.

మీ అమ్మను అడుగు. ఆమె తియ్యమంటే తీసెయ్. నేను ఇంక ఏమీ రాయను.

విశ్వాసం


కొమరోలు,
8 జూలై 2024.

మామా,

అడిగాను. అమ్మ చేట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "ఉత్తరం వార మామ పేరు మీద వరుసలున్నాయి, తీసెయ్యమంటావా?" అన్నాను. చేట పక్కన పెట్టింది. లేచి పెరట్లోకి పోయింది. నేను వెనకే వెళ్తే, "నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో, నన్ను అడగొద్దు" అనింది, ముఖం నా వైపు తిప్పకుండా. అన్న చేసిన పనికి చెల్లెలికి సిగ్గేసింది. ఇంక నాకు సాక్ష్యం ఏం కావాలి?

తీసేశాను. ఇప్పుడు కొత్తదాంట్లో ప్రతి వరుసకూ పేరుంది. అచ్చుతీసి, పటంతో సహా సర్వేయరుకు ఇచ్చాను. ఆయన చూసి, "ఇంత శుభ్రమైన జాబితా నేను ఈ దారి పొడుగునా చూడలేదబ్బా" అన్నాడు. అయ్యగారు ఆదివారం ఆరాధనలో నా పేరు చెప్పారు. నేను గుడికీ చర్చికీ దండం పెట్టేవాణ్ణి కాకపోయినా, ఆ రోజు వెనక బల్ల మీద కూర్చుని విన్నాను.

ఉత్తరం వార ఖాళీ అని సర్వేయరు పటంలో గీత గీశాడు. ఎర్ర మేకులు దిగాయి. ఎవరి ఇల్లూ పోలేదు, ఎవరి సమాధీ పోలేదు. దొరల వార ఒక్కటి పోయింది. అంతకన్నా న్యాయం ఏముంటుంది?

యల్లయ్య పెదనాయన ఆ మేకులు చూసి నాతో మాట్లాడడం మానేశాడు. గొర్రెలను కూడా పక్కకు తోలుకుపోయాడు. నువ్వు ఆయనకు అక్కడ ఏ చోటు ఇస్తానని మాట ఇచ్చావో నాకు తెలియదు.

నీ పాత కంప్యూటరును అర్ధవీడు బడికి ఇచ్చేశాం. వాళ్ళు దాన్ని పూర్తిగా తుడిచి పిల్లలు బొమ్మలు గీసుకునేదానికి పెట్టారు. అది చేసిన మొదటి మంచి పని ఇదే అనుకుంటాను.

నువ్వు రాయనన్నావు. రాయకు. నాకూ రాసేది ఏమీ లేదు.

వెస్లీ


పామూరు,
14 జూలై 2024.

ఒరే వెస్లీ,

కంటికి కట్టు ఉంది. నేను చెప్తుంటే ఫెబీ రాస్తోంది. అది ఏడుస్తూ రాస్తోంది కాబట్టి అక్షరాలు చెదిరితే దాన్ని అనొద్దు. నన్నే అను.

మీ అమ్మ నీకు ఇన్నేండ్లలో ఎప్పుడో ఒకప్పుడు చెప్పి ఉంటుందని నేను అనుకుంటి. నీకు తెలిసే నన్ను గుచ్చుతున్నావని అనుకుంటి. తెల్వదని ఈ ఉత్తరంతోనే తెలిసింది. తెలిసినోడు ఇట్ల గొప్పగా రాయడు.

విను. మన పల్లెలో బాప్తిస్మం కాకముందు పోయిన బిడ్డకు పేరు పెట్టరు. తల్లి పచ్చి బాలింత, గడప దాటకూడదు. తండ్రి ఆ పక్క చూడకూడదు. మేనమామ ఎత్తుకొని పోవాల. అయ్యగారు రాడు. పాట ఉండదు, పలక మీద పేరు చెక్కేది ఉండదు. ఉత్తరం వార పాతిపెట్టి, కుక్కలు రాకుండా మీద ముళ్ళకంప కొట్టి రావాల. వచ్చినాక ఇంట్లో ఎవరూ అడగరు. ఎత్తుకుపోయినోడు కూడా చెప్పడు. అదీ పద్ధతి. మంచిదో చెడ్డదో నాకు తెల్వదు, నేను పెట్టింది కాదు.

సెక్రెటరీ అయినాక కంప్యూటరు ముందర కూర్చుంటే నాకు ఒకటే తోచింది. ఇంత మందిని రాస్తున్నా, వాళ్ళను ఎందుకు రాయకూడదు? పేరు గడి ఖాళీగా వదిలి, తల్లి పేరు రాసి, చోటు రాసి, చివర ఎత్తుకొని పోయినోడి పేరు రాసినాను. పల్లెలో ఆడపిల్లలకు చాలామందికి నేను అన్ననే. పెదనాయన పిల్లలు, చిన్నాయన పిల్లలు. అందుకని నా పేరు అన్ని సార్లు ఉంది. నేను పంచుకున్న చోటు అది! నా చేతుల మీద పోయిన చోటు!

ఆ పాత వెర్షన్ నన్ను ఏమీ అడగలేదు. పేరు లేదంటే సరే అని తీసుకుంది. నేను అందుకే దాన్ని వదల్లేదు. నీకు ఆ మాట చెప్పలేక అద్దె అని, ఇంటర్నెట్టు అని ఏదేదో రాసినాను.

ఆ వరుసల్లో మొదటిదాంట్లో తల్లి పేరు ఏముందో చూడకుండానే తీసేసినావు కదా. లీదియా. నీకన్న ముందు.

ఇప్పుడు ఆ మేకులు పీకించాల. సర్వేయరు ఊరు దాటకముందే. నా షాపులో ఇంకా ఆ పాత వెర్షనే ఉంది, నేను పామూరు వచ్చేటప్పుడు తెచ్చుకున్న నకలు దాంట్లో ఉంది. కాగితం అచ్చుతీసి పంపితే, నిన్న టైపు కొట్టుకొచ్చినారు అంటాడు. ఏ వరుస ఏ ఏడాది ఎక్కించినానో దాంట్లో ఉంది, మిషన్ మీదనే చూపించు. నన్ను డాక్టరు వంగొద్దు, బస్సెక్కొద్దు అన్నాడు. ఫెబీ తెస్తుంది. నువ్వు బేస్తవారిపేటలో దిగి దానికి సాయం పట్టు.

నీ పుస్తకాల కోపం అంతా తెచ్చుకో. ఇప్పుడు పని ఉంది దానికి.

విశ్వాసం


కొమరోలు,
24 జూలై 2024.

మామా,

ముందుగా నీకు వందనాలు. తర్వాతే మిగతావాళ్ళకు.

బేస్తవారిపేటలో బస్సు ఆగేసరికి ఫెబీ వదిన కంప్యూటరు పెట్టెను దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోతే, "అది మా నాయన, కంటి ఆపరేషను అయింది" అందట. నవ్వుదామనుకున్నాను, రాలేదు.

ఆ వరుసలు తెర మీద చూశాను. తల్లి పేర్లు ఈసారి చదివాను. అమ్మ పేరు దగ్గర ఆగిపోయాను. నా మీద నాకు కోపం వచ్చింది. అది చాల్లేదు. నీ మీద వచ్చింది. ఇరవై ఏళ్ళు నోరు మూసుకుని ఒక గడిలో రాసి పెట్టుకున్నావు, నాకు రెండు ముక్కలు రాయలేకపోయావు! అది కూడా చాల్లేదు. తల్లిని గడప దాటొద్దని, మేనమామను నోరు విప్పొద్దని చెప్పిన ఆ పద్ధతి మీద వచ్చింది. దాని గురించి ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఎవడూ రాయలేదు.

సర్వేయరును చర్చి గదికి పిలుచుకొచ్చాం. తేదీలన్నీ చూశాడు. నమ్మనని అనలేదు. కానీ ఏమన్నాడో విను. "పేరు గడి ఖాళీగా ఉంది కదా తమ్ముడూ. పేరు లేనిదాన్ని నేనేమని రాయాల? ఖాళీగా పంపితే పైనుంచి తిప్పి పంపుతారు."

ఆయన చొక్కా పట్టుకుందామని లేచాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆ నియమం నా కొత్త వెర్షన్‌లో పెట్టింది నేనే. మాటకు మాట అదే. కూర్చున్నాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

సాయంత్రం వదినా నేనూ ఆ తల్లుల ఇళ్ళకు వెళ్ళాం. ముగ్గురు చనిపోయారు. ఇద్దరు కూలికి పోయి గుంటూరు వైపు ఉన్నారు. మిగతావాళ్ళలో కొందరు తలుపు దగ్గరికి వేశారు. ఒకామె, "ఇప్పుడెందుకు తవ్వుతారు నాయనా దాన్ని?" అనింది. తవ్వనియ్యకుండా ఉండేదానికే వచ్చాం అక్కా అన్నాను. అమ్మకు నేనేమీ చెప్పలేదు. చెప్పే ముఖం లేదు.

పొద్దున సర్వేయరు వచ్చేసరికి తోట దగ్గర ఎవరూ లేరు. యల్లయ్య పెదనాయన ఒక్కడే కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. "సారూ, నా గొర్రెకున్న తెలివి మీకు లేదా? ఇరవై ఏండ్లుగా ఆ కంపల జోలికి పోలేదు అవి" అన్నాడు. సర్వేయరు గడియారం చూసుకున్నాడు. నేను ఏదో అరవడం మొదలుపెట్టాను, ఏమరిచానో నాకే తెలియదు.

అప్పుడు పల్లె వైపు నుంచి వచ్చారు. ముందు మా అమ్మ. వెనక భారతి పెద్దమ్మ, ఆమె వెనక మిగతా తల్లులు. రాత్రి అమ్మకు సంగతి చెప్పింది పెద్దమ్మేనట. అమ్మ నా దగ్గరికి వచ్చి, "ఏదిరా? ఆడికి నేను ఎన్నడూ పోలా. చూపీ" అనింది.

నా చేతిలో నీ పటం ఉంది. తుమ్మ చెట్టు నుంచి వరుసగా చూసుకుంటూ పోయి, ఇదమ్మా అన్నాను. అమ్మ ఆ కంప పక్కన నిలబడింది. కూర్చోలేదు, ఏడవలేదు. కొంగు నడుముకు దోపుకుని నిలబడింది, బస్సు కోసం నిలబడినట్టు. తర్వాత భారతి పెద్దమ్మకు చూపించాను. ఒక్కొక్కరూ వెళ్ళి వాళ్ళ చోట నిలబడ్డారు. రాలేనివాళ్ళ చోట వదిన, యల్లయ్య పెదనాయన నిలబడ్డారు. నేను కూడా ఒకచోట నిలబడ్డాను. ఎర్ర మేకుల గీత సరిగ్గా మా కాళ్ళ మధ్య నుంచి పోతోంది.

సర్వేయరు కాగితం తీశాడు. కలం తీశాడు. మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి మెల్లగా: "పేరేం రాయాలమ్మా?"

భారతి పెద్దమ్మ ఉందే, ఆమె గొంతు నీకు కూడా వినిపిస్తుంది మామా. "పేరు కావాల్నా సారూ? నా పేరు రాసుకో. భారతి. దానికీ అదే పేరు. అది నేను గాక ఇంకెవరు?" అనింది. పక్కనున్నామె తన పేరు చెప్పింది. తర్వాత ఇంకొకామె. ఆయన తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు. చివరికి తన మనుషులను పిలిచి, "ఆ మేకులు పీకండి" అన్నాడు. అవతలి పక్క గవర్నమెంటు బీడు ఉంది కదా, గీత అటు జరిపాడు. పటం మీద ఉత్తరం వార పొడుగునా సమాధులు అని రాసి సంతకం పెట్టాడు. నేను ఆ సంతకానికి ఫోటో తీసుకున్నాను. నాకు ఎవరి మీదా నమ్మకం లేదు.

మధ్యాహ్నం కొత్తదాంట్లో కూర్చున్నాను. పేరు ఉండి తీరాలన్న నియమాన్ని తీసేశాను. ఒక చిన్న టిక్కు మామా. అది తీస్తే చాలు. ఇంత గొడవ ఒక టిక్కులో ఉంది. వరుసలన్నీ మళ్ళీ ఎక్కించాను. ఎత్తుకుపోయినవారి పేర్లున్న ఆ చివరి గడి కూడా అట్లాగే ఉంచాను. నీ పాతది కూడా ఉంటుంది. ఈ రెండింట్లో ఏది మంచిదని నన్ను ఇప్పుడు అడగొద్దు. ఏదైనా సరే, వాళ్ళను బయట నిలబెట్టనిది కావాలి.

మొదటి వరుస దగ్గర అమ్మను పిలిచి, పేరు పెడతావా, ఇప్పుడు పెట్టొచ్చు అన్నాను. చాలాసేపు తెర చూసింది. "వద్దులే. ఆయమ్మి ఇన్నాళ్ళూ అట్లనే ఉంది. అట్లనే ఉండనీ" అనింది. ఆడపిల్ల అని నాకు అప్పుడు తెలిసింది. నాకు ఒక అక్క. నాకెవరూ చెప్పలేదు! ఆ కోపం ఇంకా తగ్గలేదు, తగ్గదు కూడా.

ఇంటికి నడుస్తుంటే అమ్మ ఒకటి అడగమనింది. ఇన్నేళ్ళలో అడగలేదట, అడగకూడదు కాబట్టి. "ఏ గుడ్డలో చుట్టుకొని పోయినాడో అడుగు. ఆ పొద్దు ఇంట్లో కొత్త గుడ్డ ఏదీ లేదు. నాకు అదే మనసులో పడి ఉంది."

రాయి మామా. పద్ధతి అని ఆగొద్దు.

నీ అల్లుడు,
వెస్లీ


పామూరు,
30 జూలై 2024.

వెస్లీకి,

కట్టు విప్పినారు. ఇది నా చేత్తోనే రాస్తున్నాను.

ఆ టిక్కు సంగతి ముందే తెలిసుంటే నేను కూడా కొత్తది కొనుక్కొని ఉందును. అద్దె మాత్రం కట్టను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఇది విని ఇంకో గడి పెడతానంటావేమో, పెట్టొద్దు. మీ అమ్మకు చదివి వినిపించు, చాలు.

లీదియమ్మా, నీలం చొక్కా నేను పోగొట్టలేదు. ఆ పొద్దు నా ఒంటి మీద అదే ఉండె. నీ కష్టంతో కుట్టించింది, ఇంట్లో కొత్తది అదొక్కటే. దోవలో విప్పినాను. చేతులు రెండూ లోపలికి మడిచి, గుండీలన్నీ పెట్టినాను.

మీ అన్న,
విశ్వాసం